లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ మన ఒండ్రు మట్టికి పనికొస్తుందా? వేయించినోళ్ళు చెప్పండి

లంక_బుల్లోడు
డబుల్ క్యాబిన్ ఫోర్ బై ఫోర్ పికప్పు. పేరు చెప్పను, చెప్తే చర్చంతా దాని మీదకే పోద్ది. ముందు డబుల్ విష్‌బోను, అంటే ఒక్కో చక్రానికి పైనా కిందా రెండు ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు. వెనక కమాన్ కట్టలు, అదే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు. వారంలో ఐదు రోజులు ముమ్మిడివరం అవతల చెరువుల మీదకి రొయ్యల మేత, ఏరియేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషను) సామాన్లు తోలుతా. ఆదివారం కుదిరితే మారేడుమిల్లి.

బాధలు రెండు. ఖాళీ బండి పుంత రోడ్డెక్కితే వెనక భాగం మేకపిల్లలా గెంతుద్ది. రెండోది, పోయిన నెల మారేడుమిల్లి దగ్గర వాగు ఒడ్డు ఎక్కుతుంటే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ గాల్లో. ఫోర్ బై ఫోర్ వేసినా ఆ రెండూ గిర్రున తిరగడమే, బండి అంగుళం కదల్లేదు. జిమ్నీ (మారుతి వాళ్ళ చిన్న ఫోర్ బై ఫోర్) కుర్రోడొకడు వచ్చి తాడేసి లాగాడు. ఆ పరువు సంగతి వదిలేయండి.

వీడియోల్లో అమెరికా పికప్పులు చూస్తుంటే చక్రం చెయ్యి చాపినట్టు కిందకి సాగిపోతోంది. అదే లాంగ్ ట్రావెల్ అట. ఆ కిట్టు తెప్పిస్తే షాకులతో కలిపి మూడున్నర లక్షలు దాటుద్దని ఒకాయన లెక్క చెప్పాడు. పెట్టొచ్చా?

రొయ్యల_రావు
మూడున్నర లక్షలకి ఎన్ని మేత బస్తాలొస్తాయో ముందు లెక్కేసుకో.

పంటు_ప్యాసింజరు
పికప్పుని జిమ్నీ లాగిందా? ఫొటో లేదా?

లంక_బుల్లోడు
ఉంది. పెట్టను.

అరిజోనా_అల్లుడు
మాది అమలాపురం, ఉండేది ఫీనిక్స్ పక్కన. నా పికప్పుకి ఈ కిట్టు నాలుగేళ్ళ కిందట వేయించా కాబట్టి చెప్తున్నా.

బండి ఎత్తు పెరగడం వేరు, ప్రయాణం పెరగడం వేరు. చక్రం పైకి ఎంత నొక్కుకుంటుంది, కిందకి ఎంత జారుతుంది, ఈ రెండూ కలిపితే ప్రయాణం. స్ప్రింగు మీద బిళ్ళ పెట్టి రెండంగుళాలు లేపితే బండి ఎత్తుగా కనిపిస్తుంది గానీ చక్రాన్ని పట్టుకునే ఆర్ములు నిలబడ్డ చోటే కిందకి వాలిపోతాయి. అంటే ఇంకా కిందకి జారే జాగా నువ్వే మింగేశావు. మొత్తం మాత్రం అంతే.

అసలు లాంగ్ ట్రావెల్ అంటే కంట్రోల్ ఆర్ములే పొడుగ్గా మార్చడం. మాటవరసకి ఆర్ము 350 మి.మీ. ఉంది, పైకి 17 డిగ్రీలు, కిందకి 17 డిగ్రీలు తిరుగుతుంది అనుకో. చక్రానికి దాదాపు 205 మి.మీ. ప్రయాణం. అదే ఆర్ము 425 చేస్తే దాదాపు 249. అంటే ఒక్కో పక్క 75 మి.మీ. వెడల్పు పెంచితే నీకు దక్కింది 44. ఇంకా కావాలంటే కోణం పెంచాలి, అక్కడ ఆర్ము చివర బాల్ జాయింటూ, ముందు ఇరుసుల్లో వంగుతూ తిరిగే సీవీ జాయింటూ ఒప్పుకోవు. అందుకే కిట్టులో పొడుగు ఇరుసులు, కొత్త పై ఆర్ములు, పొడుగు బ్రేకు గొట్టాలు అన్నీ వస్తాయి. ఒక్కటి వదిలేసినా మిగతావి దండగే.

ఇదంతా పుట్టింది ఎడారి పందేల కోసం. మెక్సికోలో బాహా పందెం 1967లో మొదలైంది. ఇసుకలో అలల్లా ఉండే దిబ్బల మీద వందకి పైన వేగంతో పోవాలి, అందుకే అంత ప్రయాణం. ఫోర్డ్ రాప్టర్ మొదటి తరానికి ముందు 11.2 అంగుళాలు, వెనక 12.1 కంపెనీ నుంచే ఇచ్చారు. మన గట్ల మీద నువ్వు వందలో ఎక్కడ తోలతావు?

పంటు_ప్యాసింజరు
వందలో తోలితే తిన్నగా చెరువులోకే. రొయ్యలకి మేత ఒకేసారి ఇచ్చేసినట్టు.

గౌతమి_గట్టు
అల్లుడు గారు చెప్పిన వెడల్పు లెక్క మళ్ళీ చదవండి. పక్కకి 75 అంటే మొత్తం 150 మి.మీ. మా ఊరి తూము మీద ఎదురుగా ఆటో వస్తే ఇప్పటికే ఎవడో ఒకడు వెనక్కి తీయాలి. దానికి తోడు టైరు మడ్‌గార్డు బయటకొచ్చి బురదంతా అద్దాల మీద.

ఇంకొకటి, ఎవరూ అనట్లేదు. ఏటిగట్టు వాలు మీద బండి ఒరిగి నడవాల్సిందే. కిందకి దిగే దారులు అన్నీ అడ్డంగా కోసినవే. వెడల్పు లేకుండా ఎత్తు మాత్రం పెంచితే బరువు పైకెళ్ళిపోద్ది. పైన మేత బస్తాలు ఉన్నాయంటే చెప్పక్కర్లేదు. 2022 జూలై వరదప్పుడు లంకలకి నీళ్ళ ప్యాకెట్లు తోలుతూ గట్టు మీదనుంచి ఎత్తు చేసిన జీపొకటి పక్కకి ఒరగడం కళ్ళారా చూశా. కొబ్బరి చెట్టు అడ్డం ఉంది కాబట్టి ఆగింది.

జిప్సీ_పిచ్చోడు
నాలుగు పక్కలా కమాన్ కట్టలు, ముందూ వెనకా గట్టి ఇరుసులు. జిప్సీ ఉంటే ఈ గొడవలేమీ ఉండవు. అమ్మేయ్, జిప్సీ కొనుక్కో.

లంక_బుల్లోడు
జిప్సీలో 20 మేత బస్తాలు పడతాయా అన్నా?

జిప్సీ_పిచ్చోడు
రెండు ట్రిప్పులు.

కాకినాడ_కాజా
నా ఏడుపు కూడా వినండి. రెండేళ్ళ కిందట ఒక షాపువాడి మాట విని ముందు బిళ్ళలు, వెనక బ్లాకులు వేయించా. 14 వేలు. చూడ్డానికి బ్రహ్మాండం, పెళ్ళి ఊరేగింపుకి అడిగేవాళ్ళు. రెండు నెలలకి ఎడమ పక్క సీవీ బూటు, అదే జాయింటు మీది రబ్బరు తొడుగు, చిరిగి గ్రీజంతా చక్రం లోపల చిమ్మింది. ఉప్పు బురద లోపలికెళ్ళింది, మలుపు తిప్పితే టకటక. జాయింటు మార్పించడానికి ఎత్తు పెంచినదానికంటే ఎక్కువైంది. అల్లుడు గారు చెప్పిన కోణం సంగతి నాకు అప్పుడు ఎవడూ చెప్పలేదు. బిళ్ళలు పీకేశా. అప్పుడప్పుడూ బండి కింద పడుకుని బూటు చూసుకోండి, అంతే.

కమాన్_మేస్త్రి
రావులపాలెం దగ్గర షెడ్డు నాది. ముప్పై ఏళ్ళుగా కట్టలు కడుతున్నాను. లంక బాబూ, డబ్బులు తీసే ముందు ఒక పని చెయ్యండి. ఖర్చు లేనిది.

బండి సమానమైన నేల మీద పెట్టి, ముందు చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టి, చాసిస్ కింద జాకీ వేసి వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపండి. చాసిస్‌కి స్టాండ్లు పెట్టకుండా కిందకి దూరొద్దు. చక్రం బాగా వేలాడాక ఇరుసు నుంచి చాసిస్ దాకా టేపుతో కొలవండి. ఇప్పుడు షాకు కింద బోల్టు ఊడదీయండి, రెండు పక్కలా. ఇరుసు ఇంకా కిందకి జారిందా? జారితే మీ కట్టలకి సత్తా ఉంది, షాకే పొట్టిదై పట్టుకుని ఆపుతోంది. కంపెనీ షాకుల్లో చాలా వాటికి ఇదే కథ. అప్పుడు పొడుగు షాకు ఒక్కటి చాలు. జారలేదంటే కట్టలే గట్టివి, పని వాటి దగ్గర.

వెనక గెంతడం గురించి. మీ కట్ట బరువు మోయడానికి కట్టింది, ఖాళీగా ఉంటే అది వంగదు, అందుకే ఎగురుద్ది. చాలామంది వచ్చి ఇంకో పట్టీ వేయమంటారు. పట్టీ వేస్తే ఎత్తు పెరుగుద్ది, ప్రయాణం తగ్గుద్ది, గెంతు ఇంకా ఎక్కువవుద్ది. మూడూ కలిపి డబ్బులిచ్చి కొనుక్కున్నట్టు. మీకు కావాల్సింది పైకట్ట మెత్తగా, అడుగున బరువు పట్టీ తిన్నగా. ఖాళీలో మెత్తవి మాత్రమే పనిచేస్తాయి, మేత ఎక్కాక కట్ట దిగి అడుగు పట్టీ మీద కూర్చుంటుంది. మందం పట్టీలు నాలుగు బదులు పల్చటివి ఆరేడు పెట్టి చివర్ల మధ్య నైలాన్ ముక్కలు వేస్తే రాపిడి తగ్గుద్ది. ఆ రాపిడే సగం గెంతుకి కారణం.

షాకిల్, అదే కట్ట చివర్ని చాసిస్‌కి పట్టే లింకు, పొడుగు చేయించుకోవడం మాత్రం వద్దు. రెండంగుళాల పొడుగు షాకిల్ వేస్తే బండి లేచేది ఒక్క అంగుళమే. ఇరుసు ముక్కు తిరిగిపోయి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు ఏడుస్తాయి.

అరిజోనా_అల్లుడు
మేస్త్రి గారూ, ఆ షాకు బోల్టు చిట్కా ఇక్కడ పెద్ద పెద్ద షాపులవాళ్ళు కూడా చెప్పరు. దానికి ఒకటి కలుపుతున్నా: ముందు వైపు చూసేటప్పుడు స్ప్రింగు తీసేసి ఉత్త ఆర్ములతో చక్రాన్ని జాకీ మీద మెల్లగా పైకీ కిందకీ ఆడించి చూడాలి. స్టీరింగు రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి మళ్ళీ చూడాలి. బ్రేకు గొట్టం ఎక్కడ బిగుస్తుంది, టైరు ఎక్కడ రాసుకుంటుంది, సీవీ ఎక్కడ పట్టేస్తుంది, అన్నీ కంటికి కనిపిస్తాయి.

రొయ్యల_రావు
నాకు అర్థం కానిది ఒకటే. మనకి గుంటలు సమస్యా, దిగబడడం సమస్యా? నల్లరేగడి తడిస్తే నీ చక్రం పది అంగుళాలు సాగినా ఇరవై సాగినా అది కింద బురదలోకే సాగుద్ది.

గౌతమి_గట్టు
రావు గారు మొదటిసారి వెటకారం లేకుండా మాట్లాడారు, తేదీ రాసుకోండి.

జిప్సీ_పిచ్చోడు
రావు గారి మాట నిజం. గట్టి ఇరుసు బండికి ఎంత ఎత్తు స్ప్రింగు వేసినా ఇరుసు మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు) గుండు నేల నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. దాన్ని లేపేది టైరు సైజు ఒక్కటే. బురదలో గాడి పడ్డ చోట ముందు తగులుకునేది ఆ గుండే. అందుకే నేను టైర్ల మీద పెట్టా, స్ప్రింగుల మీద కాదు.

అబద్ధం ఎందుకు, స్ప్రింగుల మీదా పెట్టా. కట్టలు ఇరుసు కింద నుంచి పైకి మార్పించా. ఐదంగుళాలు లేచింది, చక్రం కూడా బాగా ఆడేది. కానీ మొదటి గేరులో గట్టిగా తొక్కితే ఇరుసు కట్టతో సహా మెలి తిరిగి, వదలగానే దబ్బున వెనక్కి వచ్చేది. మూడో నెలలో పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగింది. తర్వాత ఇరుసు తిరక్కుండా పట్టుకునే రాడ్డు పెట్టించాల్సి వచ్చింది. ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి అనేది నా జీవితంలో నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం. పెళ్ళిలో కూడా ఇదే.

పంటు_ప్యాసింజరు
వదిన గారు ఈ చర్చ చదువుతున్నారా?

సెక్షన్_శాస్త్రి
ఒక మాట చెప్పేసి వెళ్తాను, తర్వాత తిట్టుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొడుగు ఆర్ములు వేసి బండి వెడల్పే మారిపోతే దొరకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అదే కొలతలో మంచి షాకులు మార్చుకోవడం వేరు. ప్రమాదం జరిగిందంటే ఇన్సూరెన్సువాడు ముందు చూసేది కూడా ఇదే.

కాకినాడ_కాజా
శాస్త్రి గారూ, మరి మేళం బండ్లకి ఐదంతస్తుల సౌండు బాక్సులు కడతారు కదా, వాళ్ళకి ఏ సెక్షను?

సెక్షన్_శాస్త్రి
వాళ్ళకి వినాయక చవితి సెక్షను.

లంక_బుల్లోడు
మేస్త్రి గారు చెప్పినట్టు ఈ రోజు చేశా. మా బావ టేపు పట్టుకున్నాడు. షాకు బోల్టు తీయగానే ఇరుసు ఇంకో 45 మి.మీ. జారింది. అక్కడ ఆగింది కట్ట వల్ల కాదు, బ్రేకు గొట్టం వీణ తీగలా బిగుసుకుంది. భయమేసి ఆపేశా.

కమాన్_మేస్త్రి
భయపడి మంచి పని చేశారు. గొట్టం ముందు, షాకు తర్వాత. షాకు పొడుగు చేసి గొట్టం వదిలేస్తే ఏదో ఒక గుంటలో గొట్టం తెగుద్ది, తర్వాత బ్రేకు తొక్కితే గాలే. 45 అంటే చాలా ఎక్కువ. షాకు అంగుళంన్నర పొడుగుది తీసుకోండి, రెండు తీసుకోవద్దు. చివరికి జారి ఆగే పని షాకు మీద పెట్టకండి, ఇరుసుకి బెల్టు కట్టండి. బంపు రబ్బరు దగ్గర కూడా చూడండి, పొడుగు షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు రబ్బరు కంటే ముందు షాకు అడుగు తగిలితే లోపల పిస్టన్ పోద్ది.

అరిజోనా_అల్లుడు
షాకు కొనేటప్పుడు మోనో ట్యూబ్, నైట్రోజన్ నింపినది చూడు. గంటసేపు గుంటల్లో కొడితే మామూలు షాకులో నూనె వేడెక్కి గాలి బుడగలు కలిసి నురగైపోతుంది, అప్పుడు షాకు ఉన్నా లేనట్టే. పక్కన డబ్బా ఉండేవి ఇంకా చల్లగా ఉంటాయి గానీ ఆ డబ్బా గొట్టానికి మీ ఉప్పుగాలి పడదు. అలాగే ఎవడైనా గుండ్రటి ఇనుప జాయింట్లు, అదే హైమ్ జాయింట్లు వేస్తానంటే వద్దను. ఇక్కడ పొడి దుమ్ములోనే ఒక్క సీజనుకి లొడలొడ మొదలవుతుంది, మీ ఉప్పు బురదలో శీతాకాలం కూడా చూడవు. రబ్బరు బుష్షులే మేలు.

గౌతమి_గట్టు
ముందు యాంటీ రోల్ బారు ఎవరూ అడగలేదేంటి? మారేడుమిల్లిలో ముందు చక్రం గాల్లో లేవడానికి సగం కారణం అదే. రెండు ముందు చక్రాల్నీ కట్టేసి ఉంచే రాడ్డు. కొండ దగ్గర లింకు బోల్టులు విప్పి పక్కకి కట్టేసుకుంటే చక్రాలు విడివిడిగా ఆడతాయి. పైసా ఖర్చు లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మళ్ళీ బిగించి రోడ్డెక్కు. విప్పి ఉంచి 216 జాతీయ రహదారి మీద చించినాడ వంతెన మలుపు వేగంగా తిప్పితే ఎక్కడ తేలతావో గోదారికే తెలుసు.

రొయ్యల_రావు
అంతా బాగానే ఉంది. గాల్లో చక్రం తిరిగితే తిరగనీ, రెండో దానికి బలం పంపే ఏర్పాటు ఉంటే చాలదా? థార్‌లో వెనక డిఫరెన్షియల్ లాక్ ఇస్తున్నారు, గూర్ఖాలో ముందూ వెనకా రెండూ ఉన్నాయి. ఆ జిమ్నీ లాగింది కూడా అందుకే కదా, తిరిగే చక్రానికి అదే బ్రేకు వేసుకుంటుంది.

జిప్సీ_పిచ్చోడు
రావు గారూ, మీకు ఇంత తెలుసని ఎప్పుడూ చెప్పలేదే!

రొయ్యల_రావు
మా అబ్బాయి బండి. వాయిదాలు నావి.

అరిజోనా_అల్లుడు
రావు గారు నిజంగా ముఖ్యమైన మాట అన్నారు. ప్రయాణం పెంచేది చక్రం నేల వదలకుండా ఉండడానికి. లాకరు, అదే మీరన్న లాక్, పెట్టేది వదిలేసినా బండి కదలడానికి. డబ్బు ఒకదానికే ఉంటే నేనైతే మీ నేలకి లాకరే పెడతా. ఇక్కడ ఎడారిలో అయితే ఉల్టా చెప్తా. మూడున్నర లక్షలు ముందు ఆర్ముల మీద పెట్టడం మాత్రం ఎటు చూసినా వద్దు, నేను పెట్టి చెప్తున్నా.

కాకినాడ_కాజా
టైరు గాలి. ఎవరూ అనలేదు. బురదలోకి దిగే ముందు 32 పీఎస్ఐ నుంచి 18కి దించు. టైరు చప్పిడిగా సాగి నేల పట్టుకుంటుంది. ఆ గెంతు కూడా సగం పోద్ది. వెనక్కి నింపుకోవడానికి చిన్న కంప్రెసరు కావాలి, అంతే. 18లో రోడ్డు మీద వేగంగా తోలకు, రిమ్ము నుంచి టైరు ఊడొస్తుంది. ఎలా తెలుసని అడగొద్దు.

పంటు_ప్యాసింజరు
ఎలా తెలుసండీ?

కాకినాడ_కాజా
యానాం బైపాస్. చాలా?

గౌతమి_గట్టు
నీళ్ళ సంగతి కూడా చెప్పేస్తా. వాగులు దాటేవాళ్ళు ఇరుసు లోపలి గాలి ఆడే బ్రీదర్ గొట్టం పైకి, ఇంజను గదిలోకి లాక్కోండి. వేడి ఇరుసు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ గుండా నీళ్ళు పీలుస్తుంది. నాది తీసి చూస్తే గేరు ఆయిలు చక్కగా మజ్జిగైపోయింది. కరివేపాకు వేస్తే సరిపోను.

లంక_బుల్లోడు
మూడు వారాల తర్వాత వస్తున్నా. చేయించినవి: పొడుగు బ్రేకు గొట్టం, వెనక అంగుళంన్నర పొడుగు మోనో ట్యూబ్ షాకులు, ఇరుసు బెల్టులు, మేస్త్రి గారి షెడ్డులో వెనక కట్ట విప్పి పల్చటి పట్టీలతో మళ్ళీ కట్టించడం, ముందు రాడ్డు లింకులకి చేత్తో విప్పే పిన్నులు, బ్రీదరు. అన్నీ కలిపి 46 వేలు. లాకరు కోసం మిగతాది దాచా.

కొలిచి చూశాం. అమెరికాలో 20 డిగ్రీల వాలు బల్ల ఎక్కిస్తారట కదా, మా దగ్గర కొబ్బరి మొద్దులు పేర్చాం. ఎడమ ముందు చక్రం ఎక్కిస్తూ పోయి వెనక ఎడమది నేల వదిలేదాకా. అంతకుముందు 41 సెంటీమీటర్ల దగ్గర లేచేసేది. ఇప్పుడు రాడ్డు విప్పితే 53. మా బావ చివరి మొద్దు పెడుతుంటే జనం పోగయ్యారు, ఏదో సినిమా షూటింగనుకున్నారు.

గెంతడం తగ్గింది, పోలేదు. 800 కిలోల మేత వేసినప్పుడు మునుపటికంటే అంగుళం ఎక్కువ కూర్చుంటోంది. మేస్త్రి గారూ, ఇది మామూలేనా?

కమాన్_మేస్త్రి
కొత్త కట్ట రెండు మూడు వారాలు కూర్చుంటుంది. తర్వాత కూడా దిగుతూనే ఉంటే తీసుకురండి, అడుగు పట్టీ కొంచెం వంపు తీసి వేద్దాం. వెయ్యి కిలోమీటర్లకి కట్టని ఇరుసుకి పట్టే యూ బోల్టులు తప్పకుండా మళ్ళీ బిగించాలి. బిగించకపోతే జిప్సీ బాబు సెంటర్ బోల్టు కథే మీది కూడా.

జిప్సీ_పిచ్చోడు
నా కథ అందరికీ ఉదాహరణే ఇప్పుడు.

రొయ్యల_రావు
46 వేలు. రెండు ఏరియేటర్లు.

లంక_బుల్లోడు
రావు గారూ, మీ చెరువు గట్టు మీదకే రేపు మేత తెస్తున్నా, మీరే ఎక్కి చూడండి.

ఇంకో ప్రశ్న. విప్పిన పాత మందం పట్టీలు నాలుగు షెడ్డులో పడున్నాయి. పాత ఇనుముకి వేసేయనా?

కమాన్_మేస్త్రి
అయ్యో, వేయకండి! అది స్ప్రింగు ఉక్కు. మా పక్క కమ్మరి దాంతోనే కొబ్బరి కత్తులు కొడతాడు. నాలుగు పట్టీలకి ఎనిమిది కత్తులు ఈజీగా వస్తాయి.

గౌతమి_గట్టు
నాకొకటి.

కాకినాడ_కాజా
నాకూ. పొట్టి పిడిది.

పంటు_ప్యాసింజరు
జిమ్నీ కుర్రోడికి కూడా ఒకటి పంపండి, లాగినందుకు.